బోర్డు ముందు సారంగపాణి

సారంగపాణి మంచి నటుడని కాలనీ మొత్తం ఒప్పేసుకుంది. బొగ్గుబావిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టే పని తప్ప వేరే విద్య ఎరగని మనిషి, గణపతి పందిట్లో కూడా ఏనాడూ వేషం కట్టనివాడు, ఆ వానాకాలంలో ఉన్నట్టుండి నటుడైపోయాడు.

బావిలోకి దిగే కార్మికుడు జబ్బుపడి ఇక పనికి పనికిరాడని పెద్ద దవాఖానాలో డాక్టర్ల బోర్డు తేలిస్తే, బావిలోకి దిగే ఆ కొలువు కంపెనీ అతని కొడుక్కి ఇస్తుంది. దాన్నే కాలనీలో అన్‌ఫిట్ కావడం అంటారు. కాబట్టి కొడుక్కి మీసాలు వచ్చేసరికి తండ్రికి నడుం నొప్పో, చూపు మందమో, గుండె దడో మొదలవడం అక్కడ ఆనవాయితీ. ఎవరూ తప్పు పట్టరు. బిడ్డ బతుకు కోసం ఆ మాత్రం చేయని తండ్రినే తప్పు పడతారు. సారంగపాణి కొడుకు చందర్‌కు ఇరవై మూడేళ్లు. డిగ్రీ మధ్యలో వదిలేసి, ఇల్లందు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో కూర్చుంటున్నాడు. ఇంకేం, లెక్క అందరికీ అర్థమైపోయింది.

ఆ సోమవారం మొదటి షిఫ్టుకు సారంగపాణి టోపీ లైటు తీసుకుని, బ్యాటరీ నడుముకు కట్టుకుని, బావి నోటి దగ్గర వరుసలో నిలబడ్డాడు. లోపలికి వాలుగా దిగే దారి నల్లగా కనబడుతోంది. మొదట అరచేతులు చల్లబడ్డాయి. తర్వాత వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. ముందున్న మనిషి వీపు తన మీదికి వస్తున్నట్టనిపించింది. ఊపిరి సగం దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. ఇప్పుడే, ఇక్కడే చచ్చిపోతాను అనుకున్నాడు. పట్టాల మీద కూలబడి నడుం బెల్టు వదులు చేసుకోబోతే వేళ్లకు పట్టు దొరకలేదు.

"ఇయ్యాల మస్తు జేస్తుండు" అన్నారెవరో వెనక నుంచి.

"చెమట సూడు బావ, చెమట. గది ఎట్ల తెప్పిస్తడో మనకు గూడ జెప్తె బాగుండు."

నవ్వులు వినబడ్డాయి. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. పని చేయించే సర్దార్ చెంచురామయ్య వచ్చి అతని మొహం మీద నీళ్లు చల్లి, లేపి పక్కన దిమ్మల కుప్ప మీద కూర్చోబెట్టాడు. చెంచురామయ్య చెడ్డవాడేం కాదు. చెవి దగ్గర వంగి మెల్లగా చెప్పాడు.

"పాణీ, బాగనే చేస్తున్నవు. కని గియ్యన్ని నా ముందట జేస్తె ఏమొస్తది. బోర్డు ముందట జెయ్యి. ఇయ్యాల్టికి ఇంటికి పో."

బావికి దూరం జరిగేకొద్దీ ఊపిరి ఆడింది. అదే అతని ఖర్మ. కాలనీ దారిలోకి వచ్చేసరికి మామూలు మనిషి లాగే నడుస్తున్నాడు. జబ్బయితే ఇంటికొచ్చాక కూడా ఉండాలి కదా? తనకు తెలియకుండా నిజంగానే నటిస్తున్నాడా? ఆ అనుమానం వచ్చినప్పుడు బావి భయం కంటే అదే ఎక్కువ భయపెట్టేది.

ఇంట్లో రాందాస్ టీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. రాందాస్ నడుం నొప్పితో అన్‌ఫిట్ అయినవాడు. కాయితం చేతికొచ్చేదాకా కర్ర ఊతంతో నడిచి, వచ్చిన వారంలోనే వాలీబాల్ కోర్టులో తేలాడు. అప్పటి నుంచి అన్‌ఫిట్ కాబోయేవాళ్లందరికీ అతనే గురువు. డబ్బు తీసుకోడు, టీ మాత్రం తాగుతాడు.

"యశోద వదినా, నీ పెనిమిటి పేరు ఊరంత మోగుతుంది" అన్నాడు. "నడుం నొప్పి ఎవడన్న జేస్తడు. ఊపిరి ఆడకుంట జేసుడు, రంగు తెల్లగ పోవుడు, గది మామూలు ముచ్చట గాదు. అన్నా, నీకొక్కటే చెప్త. డాక్టరు అడగంగనే జవాబు ఇయ్యకు. జర ఆగు. కింద మీద సూడు. రోగమున్నోడు జల్దీ మాట్లాడడు."

యశోద కుర్చీ తుడిచి భర్తను కూర్చోమంది. ఆమె మొహంలో గర్వం దాగడం లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతన్ని ఇంత మెచ్చుకోలుగా చూసింది లేదు. కొడుకు కోసం పది మందిలో పరువు పక్కన పెట్టి ఇంత పడుతున్నాడే అని ఆమె మురిపెం. ఆ చూపు చూసినప్పుడల్లా సారంగపాణికి ఏడుపు వచ్చేది.

రాందాస్ వెళ్లిపోయాక అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వేలి కణుపులతో గోడ మీద టకటక కొట్టి, చెవి పెట్టి విన్నాడు. బావిలో కప్పును కర్రతో తట్టి చూడటం అతని పని. గట్టి బండైతే చప్పుడు ఒక రకంగా ఉంటుంది, ఊడి పడబోయేదైతే బోలుగా పలుకుతుంది. ఈమధ్య ఇంటి గోడను, మంచం కోడును, అన్నం గిన్నెను కూడా అట్లాగే తట్టి చూస్తున్నాడు.

"యశోదా, ఒక మాట చెప్త, ఇను. నేను చేస్తలేను. అదే వస్తుంది."

"అవ్, అవ్" అని యశోద నవ్వింది. "నా దగ్గర గూడ గట్లనే అను. అలవాటు తప్పొద్దు."

"నిజం. లోపలికి పోవాల్నంటె పానం పోతున్నట్టే అయితుంది."

"గదే, గట్లనే చెప్పు. గొంతు గూడ గట్లనే పెట్టు."

గడప దగ్గర చందర్ ఒక ఫోను విప్పి, చిన్న మర నేల మీద పడితే వెతుకుతున్నాడు. తల ఎత్తలేదు.

మర్నాడు కాలనీ డిస్పెన్సరీకి వెళ్లాడు. బోర్డుకు పోవాలంటే ముందు అక్కడి డాక్టరు రాయాలి. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, పేరు పుష్పలత. వయసులో చందర్ కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. రాందాస్ చెప్పినట్టు ఆగి చెబుదామనే అనుకున్నాడు. కానీ ఆమె రక్తపోటు చూసే పట్టీ చేతికి చుడుతూ, మొహం వైపు చూడకుండానే, "నిద్ర పడుతోందా?" అని అడిగింది. ఆ మాట అతన్ని అంతవరకు ఎవరూ అడగలేదు.

పట్టడం లేదన్నాడు. ఇక ఆపుకోలేకపోయాడు. వేళ్ల తిమ్మిర్లు, ఆగిపోయే ఊపిరి, గోడలు తట్టడం, అన్నం ముద్ద గొంతు దిగకపోవడం, ఇంటికి రాగానే బాగైపోవడం, అన్నీ చెప్పాడు. చివరికి అడిగాడు.

"డాక్టరమ్మ, నేను నటిస్తున్నన? నాకు ఎరుక లేకుంట?"

ఆమె పట్టీ విప్పి పక్కన పెట్టింది. "లేదు. ఇది జబ్బే. గుండెది కాదు, ఊపిరితిత్తులది కాదు. భయానిది. ఒంట్లో భయం పుట్టే చోటు అదుపు తప్పింది. జ్వరం ఎంత నిజమో ఇదీ అంతే నిజం. మందులు ఉన్నాయి, మెల్లగా తగ్గుతుంది. కానీ రోజూ ఆ బావిలోకే దిగుతుంటే తగ్గదు. నేను బోర్డుకు రాస్తాను. మీరు చెప్పింది ఉన్నది ఉన్నట్టు అక్కడా చెప్పండి, చాలు."

తర్వాత అతనికి ఊపిరి ఎలా వదలాలో చూపించింది. లోపలికి మామూలుగా, బయటికి మాత్రం వేడి టీ ఊదినట్టు నిదానంగా. ఆమె ఊదింది, అతను ఊదాడు. అట్లా ఊదుతూ ఊదుతూనే అతనికి కన్నీళ్లు వచ్చేశాయి. మొహం పంచె కొంగులో దాచుకుని చాలాసేపు ఏడ్చాడు. ఆమె తొందర పెట్టలేదు.

బయట బెంచీ మీద యశోద కూర్చుని ఉంది. ఎర్రబడ్డ కళ్లు చూసి దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"ఏడ్చినవా? డాక్టరమ్మ నమ్మిందా?"

"నమ్మింది."

"నువ్వు మామూలోనివి గాదయ్యా" అంది యశోద, అతని భుజం నిమురుతూ.

*

గురువారం నాడు పెద్ద దవాఖానాలో బోర్డు. చందర్ కొట్టుకు సెలవు పెట్టి తోడు బయల్దేరాడు. పొద్దున్నుంచీ ముసురు. బస్సు కిక్కిరిసి ఉంది. వాన జల్లు కొడుతోందని కిటికీల షట్టర్లన్నీ దించేశారు. సారంగపాణికి సీటు దొరికింది. చందర్ నడుమ జనంలో ఇరుక్కుని పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. టేకులపల్లి అడవి మొదలయ్యేసరికి బస్సులో మబ్బు కమ్మినట్టయింది.

సారంగపాణి ఆ పూట నిశ్చింతగా ఉన్నాడు. చాలా నెలల తర్వాత అతనికి లోపల తేలిగ్గా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. ఇక ఆ దారి దిగక్కర్లేదు. ఏ తోటలోనో కాపలా ఉన్నా చాలు, తల మీద ఆకాశం ఉంటుంది. అట్లా అనుకుంటూ కొడుకు వైపు చూశాడు.

చందర్ కడ్డీ వదిలేశాడు. ఆ చేతి వేళ్లను తొడకేసి రుద్దుకుంటున్నాడు. తిమ్మిరి పోవడానికి ఎట్లా రుద్దుకోవాలో అట్లాగే. చొక్కా పై గుండీ విప్పాడు. పై పెదవి మీద చెమట పట్టింది. నోరు కొంచెం తెరిచి, ఊపిరిని కిందికి లాగలేక మళ్లీ మళ్లీ లాగుతున్నాడు. కళ్లు తలుపు వైపే ఉన్నాయి.

"ఏయ్, జర జరుగుండ్రి" అంటూ ఉన్నట్టుండి జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాడు. బస్సు ఆపమని డ్రైవరు భుజం పట్టుకుని ఊపాడు. జనం తిట్టారు. బస్సు ఆగీ ఆగకముందే దూకేశాడు. సారంగపాణి వెనకే దిగాడు. వాళ్లను వదిలేసి బస్సు వెళ్లిపోయింది.

చందర్ రోడ్డు పక్కన వానలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. సారంగపాణి దగ్గరికి వెళ్లాడు. కొడుకు వీపు మీద చెయ్యి వేశాడు. చొక్కా కింద ఒళ్లంతా వణుకుతోంది.

"బస్సు పడలే బాపు. పొద్దుగాల ఏం తినలే, గందుకే" అన్నాడు చందర్ కాసేపటికి.

"అవ్" అన్నాడు సారంగపాణి.

కిందటేడు కంపెనీ పండుగ నాడు గ్రౌండులో గుడ్డలతో, నల్లరంగు అట్టలతో ఉత్తుత్తి బావి కట్టారు. కార్మికుల పెళ్లాం పిల్లలు లోపలికి పోయి చూసొచ్చారు. చందర్ మాత్రం సగం దారి నుంచి వెనక్కొచ్చాడు. ఇరుకుగా ఉందన్నాడు. దోస్తులు నవ్వారు, సారంగపాణి కూడా నవ్వాడు. ఆ నవ్వినందుకు ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. గుడ్డ బావిలో సగం దూరం దాటలేనివాణ్ణి అసలు బావిలోకి తోసి, తను ఆకాశం కింద కూర్చుంటాడట.

తర్వాత వచ్చిన బస్సులో సారంగపాణి షట్టరు ఎత్తించి, కొడుకును కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. వాన లోపలికి కొడుతోందని వెనక సీటు ఆమె గొణిగింది. గొణగనీ అనుకున్నాడు.

*

బోర్డు గది తలుపు మూసి ఉంది. నడవాలో అన్‌ఫిట్ కావడానికి వచ్చినవాళ్లు కర్రలతో, కట్లతో, దగ్గులతో బారులు తీరి ఉన్నారు. పేరు పిలిచేసరికి సారంగపాణికి మొదలైంది. నిజంగానే మొదలైంది. అరచేతులు చల్లబడ్డాయి. మూసిన గది, తెరవని కిటికీలు, లోపల బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. అతను ఏమీ చేయనక్కర్లేదు. ఉన్నవాడు ఉన్నట్టు నిలబడితే చాలు, చూసేవాళ్లకు అంతా తెలిసిపోతుంది.

చేతులు వెనక్కి కట్టుకున్నాడు. చెప్పుల్లో కాలివేళ్లు ముడిచి నేలను గట్టిగా పట్టుకున్నాడు. పెదవులు విప్పీ విప్పకుండా ఊపిరిని నిదానంగా ఊదాడు. మొహానికి నవ్వు తెచ్చుకున్నాడు.

"ఊపిరి ఆడదని, విపరీతమైన భయమని రాసింది మీ డాక్టరు" అన్నాడు నడుమ కూర్చున్న పెద్దాయన. "చెప్పు, ఎలా ఉంటుంది?"

"ఏం లేదు సార్. బాగనే ఉన్న."

పెద్దాయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఆ గదిలో ఆ జవాబు విని ఎన్నాళ్లయిందో. "బాగుంటే ఇక్కడికెందుకొచ్చావు?"

గుండె దవడల్లో కొట్టుకుంటోంది. ఒక చెమట బొట్టు చెవి వెనక నుంచి మెడ మీదికి జారింది. తుడిస్తే తెలిసిపోతుందని తుడవలేదు.

"కొడుక్కు నౌకరొస్తదని సార్. నటించిన."

"డాక్టరు దగ్గర ఏడ్చావట కదా. అది కూడా నటనేనా?"

సారంగపాణికి ఆ ప్రశ్న దగ్గర నిజంగా ఊపిరి అందలేదు. బల్ల అంచు చూస్తూ నిలబడ్డాడు. ఇంకొక్క క్షణం ఆగితే ఆ బల్ల మీదే పడిపోయేవాడు.

"గది గూడ నటనే సార్."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. "పాపం ఆ అమ్మాయి, రెండు పేజీలు రాసింది" అన్నాడు ఒకాయన. పెద్దాయన మాత్రం, ఒప్పుకున్నావు, అదే చాలు, బుద్ధిగా పని చేసుకో అని కాయితం మీద ఫిట్ అని రాసి సంతకం పెట్టాడు. సారంగపాణి దండం పెట్టి, తలుపు దాకా మామూలుగా నడిచి, తలుపు వేసి, నడవా మలుపు తిరిగాక గోడ పట్టుకుని కిందికి జారాడు. అక్కడ ఎవరూ లేరు.

చందర్ బయట రేకుల షెడ్డు కింద నిలబడి ఉన్నాడు. "ఏమన్నరు బాపు?"

"ఫిట్టట."

చందర్ మొహం ఒక్కసారి విచ్చుకుంది. ముడిపడ్డ భుజాలు దిగాయి. మరుక్షణం అతను దాన్ని సర్దుకున్నాడు, సిగ్గుపడ్డాడు, తల తిప్పేసుకున్నాడు. కానీ సారంగపాణి చూడాల్సింది చూశాడు. లోపల అన్న మాటలకు ఆ ఒక్క క్షణం సరిపోతుందనుకున్నాడు. సరిపోలేదు. అయినా చాలనుకున్నాడు.

చందర్ షెడ్డు అంచు దాకా నడిచాడు.

"నువ్వు నటిస్తలేవని నాకెరికే బాపు" అన్నాడు చందర్, వాన వైపే చూస్తూ. "మొదటి దినం నుంచి ఎరికే."

ఆ మాట కోసం సారంగపాణి ఎన్ని నెలలు ఎదురు చూశాడో. ఇంట్లో ఎవరో ఒకరు అంటే చాలనుకున్నాడు. ఇప్పుడు అన్నారు.

"మరి ఎన్నడు అనలేదేందిరా?"

"అంటె ఎట్లెరికె అని అడుగుతరు. నాకు గూడ వస్తదని చెప్పాలె. చెప్తె నన్ను బాయిలకు పంపరు. నన్ను పంపకుంటె నువ్వు బయటికి రాకపోతివి." చందర్ అరచెయ్యి వానలోకి చాపాడు. "నేనన్న వయసులున్న. అలవాటు పడత అనుకున్న."

సారంగపాణి భుజం మీది తువ్వాలు తీసి కొడుకు తల తుడిచాడు. చిన్నప్పుడు తుడిచినట్టు గట్టిగా, చెవుల వెనక కూడా తుడిచాడు. తుడుస్తూ తనూ ఏడ్చాడు.

"అమ్మకు నేను చెప్త" అన్నాడు చందర్. "నీది నటన గాదని."

"వద్దు. చెప్తె అది మల్ల బోర్డుకు పంపిస్తది. అన్‌ఫిట్టయితె నువ్వు పోవాలె. వద్దు."

ఇంట్లో యశోద అన్నం వండి, పాయసం కూడా కాచి పెట్టుకుని కూర్చుంది. ఫిట్టన్న మాట విని ముందు నమ్మలేదు. తర్వాత గొంతు పెంచకుండానే అడిగింది.

"ఇన్ని దినాలు జేసినవు. ఊరంత మెచ్చింది. సరిగ్గ ఆ పూట ఎందుకు చెయ్యవైతివి? బోర్డు ముందట నోరు పడిపోయిందా? పోరడు జీవితమంత ఆ డబ్బాకొట్లనే కూసోవాల్నా? ఒక్క పూట, వాని కోసం ఒక్క పూట చెయ్యకపోతివి గద."

"రాలేదు యశోదా" అన్నాడు సారంగపాణి. "ఎంత జేద్దామన్న రాలేదు."

యశోద పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. తండ్రి కొడుకును ముంచాడనే ఆమె ఏడుపు. దగ్గరికి పోయి నిజం చెప్పాలని అతనికి ఎంతగానో అనిపించింది. పోలేదు. చందర్ పాయసం గిన్నె ముందు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

*

శనివారం సారంగపాణికి రెండో షిఫ్టు. క్యారేజీ చేతిలో పట్టుకుని, చందర్‌ను వెంటబెట్టుకుని డిస్పెన్సరీకి వెళ్లాడు. చందర్ మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు గూడ చూపించుకో బాపు. మందులిస్తనన్నది గద."

"నేను అబద్ధమని చెప్పొచ్చిన. నన్నిక ఎట్ల నమ్ముతది. నువ్వు నడువు."

పుష్పలత సారంగపాణిని చూసి కలం కింద పెట్టింది. బోర్డు నుంచి అప్పటికే ఆమెకు ఫోను వచ్చినట్టుంది.

"నేను మిమ్మల్ని నమ్మాను" అంది. గొంతులో కోపం లేదు, అదే అతనికి కష్టమనిపించింది. "ఇంకెవరైనా నిజంగా ఆ జబ్బుతో వస్తే నేను రాసింది వాళ్లు చదువుతారా? ఇప్పుడు ఎందుకొచ్చారు?"

"నాకు గాదమ్మ" అన్నాడు. "నా కొడుకు, చందర్. మొన్న నేను చెప్పినయన్ని వీనికి ఉన్నయి. బస్సుల వస్తయి, ఇరుకు జాగల వస్తయి. నిద్ర గూడ పట్టదు. చెప్పుకోడు. నువ్వు అడిగితె చెప్తడు." కొడుకును ముందుకు జరిపాడు. "వీణ్ణి నమ్ము తల్లీ. వీడు నాలెక్క గాదు. వీడు నటించడు."

చందర్ ఏదో అనబోయాడు. సారంగపాణి అతని భుజం నొక్కి స్టూలు మీద కూర్చోబెట్టాడు. పుష్పలత ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత పట్టీ తీసి చందర్ చేతికి చుట్టసాగింది.

"నిద్ర ఎప్పటి నుంచి పట్టడం లేదు?" అని అడిగింది.

అదే గొంతు, అదే మెత్తదనం. ఆ గొంతు ఇంకాసేపు వినాలని సారంగపాణికి ఆశ పుట్టింది. బయట రెండో షిఫ్టు సైరన్ కూసింది. క్యారేజీ అందుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, బావి దారి పట్టాడు.